పొందూరు గౌన్లు, ఉన్ని బనీన్లు

నవంబరులో ఫిన్లాండు వెళ్ళేటప్పుడు మనవరాలికి పొందూరు ఖద్దరుతో రెండు గౌన్లు కుట్టించి పట్టుకెళ్ళాను. మా అమ్మాయి మురిసిపోయింది గానీ, "చలికాలం ఒంటికి ఆనుకుని నూలు వద్దమ్మా" అంది. పిల్ల మంచులో ఆడి చెమట పడితే, నూలు ఆ తడిని పట్టుకుని ఒళ్ళు చల్లబరిచేస్తుందట. అందుకని లోపల ఉన్ని బనీను, దానిమీద ఉన్ని చొక్కా, ఆ పైన స్నోసూటు, టోపీ, రెండు జతల గ్లౌజులు. అన్నీ తొడిగాక నాలుగేళ్ళ పిల్ల, "అమ్మమ్మా, ఒకటికొస్తోంది" అనేది. మళ్ళీ మొదట్నుంచీ విప్పడమే.

నా ప్రాణం కొట్టుకున్నది మాత్రం చంటాడి గురించి. మైనస్ ఐదులో, బాల్కనీలో, స్ట్రోలర్‌లో పడుకోబెట్టేది! అక్కడ అందరూ అంతేనట. మొదటిరోజు నేను అద్దం తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. అమ్మాయి వచ్చి వాడి మెడ వెనక నా చెయ్యి పెట్టించింది. వెచ్చగా ఉంది. రెండు గంటలు హాయిగా నిద్రపోయాడు నా తండ్రి.

వాళ్ళుండే ఔలులో డిసెంబరు చివర పది దాటితేగానీ పొద్దు పొడవదు, రెండు దాటగానే కుంకిపోతుంది. పిల్లలకి రోజూ డి విటమిన్ చుక్కలు వెయ్యాలి. బయటికెళ్తే చీకట్లో మెరిసే రిఫ్లెక్టర్ తగిలించాలి.

శ్రీకాకుళం తిరిగొచ్చాక రథసప్తమికి అరసవల్లి వెళ్ళాను. ఆ పిల్లల పేరు చెప్పే దణ్ణం పెట్టాను. పన్నెండున్నరకి డాబా మీంచి వీడియోకాల్ చేస్తే అక్కడ అప్పుడే తెల్లారుతోంది. "అమ్మమ్మా, మీ సూర్యుణ్ణి చూపించు" అంది. ఎండలోకి నడిచాను.