అగస్టస్ శాసనం ఎదుట

రోమ్ నగరంలో టైబర్ నది పక్కనున్న ఆరా పాచిస్ మ్యూజియం లోపలికి వెళ్ళకముందే రిపెట్టా వీధి వైపు గోడ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ తన పనులను తానే చెప్పుకున్న లాటిన్ శాసన పాఠాన్ని గత శతాబ్దంలో దానిమీద చెక్కించారు. అసలు కంచు ఫలకాలు ఆ సమీపంలోని ఆయన సమాధి ముందుండేవి. అవి పోయినా, అంకారాలోని ఒక ఆలయపు గోడల మీది ప్రతి వల్ల పాఠం దక్కింది.

పంతొమ్మిదేళ్ళ వయసులో సొంత నిర్ణయంతో, సొంత ఖర్చుతో సైన్యాన్ని సమకూర్చుకున్నానని అది మొదలవుతుంది. క్రీ.పూ. 44లో హత్యకు గురైన జూలియస్ సీజర్ వీలునామా ప్రకారం దత్తపుత్రుడైన ఆ యువకుడు, సీజర్ పేరు మీద అభిమానమున్న సైనికులను కూడగట్టుకుని, మరుసటి ఏడాదే రోమ్ మీదికి నడిచి, ఏటేటా ఎన్నికయ్యే అత్యున్నత పాలకపదవి కాన్సుల్ అయ్యాడు. ఆపైన సీజర్ అనుచరులైన మార్క్ ఆంటోనీ, లెపిడస్‌లతో కలిసి ప్రత్యర్థుల జాబితాలు ప్రకటించి, ప్రసిద్ధ వక్త సిసిరోతో సహా ఎందరినో చంపించాడు. ఆ జాబితాల ఊసు గోడమీద లేదు. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర తాను ఓడించిన ఆంటోనీ పేరు కూడా లేదు. ఆ మౌనం నన్ను నిజంగా కలచివేసింది.

అధికారాన్ని నిలుపుకున్న తీరు మరింత లోతైనది. జీవితాంత నియంతగా ప్రకటించుకున్న కొద్ది వారాలకే సీజర్ ప్రాణాలు పోగొట్టుకున్నాడు గనుక, ఈయన అలాంటి పేరేదీ తీసుకోలేదు. క్రీ.పూ. 27లో రాజ్యాన్ని రోమన్ పెద్దల సభ అయిన సెనేట్‌కూ ప్రజలకూ తిరిగి అప్పగించానన్నాడు. సెనేట్ ఆయనకు ‘అగస్టస్’ బిరుదునూ, స్పెయిన్, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), సిరియాల పాలనను పదేళ్ళపాటూ ఇచ్చింది. సైన్యంలో అధికభాగం ఉన్నది ఆ ప్రాంతాల్లోనే. క్రీ.పూ. 23లో ఏటేటా చేపడుతున్న కాన్సుల్ పదవిని వదిలి, ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల ప్రతినిధి) కాకుండానే ట్రిబ్యూన్ అధికారాన్ని జీవితాంతానికి పొందాడు. దానితో సెనేట్‌ను పిలవవచ్చు, చట్టాలు ప్రతిపాదించవచ్చు, ఇతరుల నిర్ణయాలను అడ్డుకోవచ్చు. పదవులను ఇతరులకు వదిలి వాటి బలాన్ని తన దగ్గరే ఉంచుకోవడమే ఆయన రాజనీతికి ఆయువుపట్టని నాకనిపిస్తుంది. క్రీ.శ. 6లో 17 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) తానే ఇచ్చి సైనిక ఖజానాను నెలకొల్పి, దాని కోసం వారసత్వాలపై 5 శాతం పన్ను విధించడంతో, విరమించిన సైనికుడు భృతి కోసం తన సేనాని వైపు చూడవలసిన అవసరం తగ్గింది.

భారతదేశపు రాజులు తన వద్దకు తరచుగా రాయబారులను పంపారన్న వాక్యం దగ్గర, నల్లగొండ ప్రాంతంలో దొరికిన రోమన్ వెండి నాణేలు గుర్తొచ్చి, కాసేపు చదవడం ఆపాను.

లోపలి పాలరాతి శాంతిపీఠం (ఆరా పాచిస్ అంటే ఇదే) మీది ఊరేగింపులో, తల మీద వస్త్రం కప్పుకున్న వ్యక్తిని అల్లుడు అగ్రిప్పగా పండితులు గుర్తిస్తారు. ఆయనకూ అగస్టస్ ట్రిబ్యూన్ అధికారం ఇప్పించాడు. అగ్రిప్ప, తరువాత వారసులుగా పెంచిన మనుమలిద్దరూ మరణించగా, క్రీ.శ. 4లో సవతి కొడుకు టైబీరియస్‌ను దత్తత తీసుకుని అదే అధికారం అప్పగించాడు. పదేళ్ళ తరువాత నోలాలో అగస్టస్ కన్నుమూసేనాటికి టైబీరియస్‌కు కొత్తగా ఇవ్వవలసింది సెనేట్ దగ్గర పెద్దగా మిగల్లేదు.