బోర్డు అలాగే ఉండనీ

"తొమ్మిదేళ్ళు చిన్నవాడు ఎదురు చెప్పినా లింకన్ అతన్ని పార్ట్‌నర్‌గానే ఉంచుకున్నాడు. నేను ఎదురు చెబితే నువ్వు రెండు రోజులు మాట్లాడవు నాన్నా." మొన్న రాత్రి అన్నం తింటూ మా అమ్మాయి అన్న మాట ఇది. ఏం చెప్పాలో తెలియక కంచం తీసుకుని లేచిపోయాను.

అమెరికాలో మేముండే ఇల్లినాయ్ రాష్ట్రంలో చదివే పిల్లలకి అబ్రహాం లింకన్ ప్రాజెక్టు తప్పదు. ఈసారి తనకి ఆయన లా పార్ట్‌నర్ విలియం హెర్న్‌డన్‌కి రాసిన ఉత్తరాలు వచ్చాయి. 1844లో ఇక్కడి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇద్దరూ కలిసి లా ప్రాక్టీసు మొదలుపెట్టారు, ఫీజు చెరి సగం. లింకన్ కాంగ్రెస్‌కి, అంటే అమెరికా చట్టసభకి, వెళ్ళాక, మెక్సికో యుద్ధాన్ని అధ్యక్షుడు పోక్ అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా మొదలుపెట్టాడన్న తీర్మానానికి 1848 జనవరిలో ఓటేశాడు. ఇద్దరిదీ పోక్‌కి ఎదురు నిలిచిన విగ్ పార్టీయే, అయినా ఊళ్ళో ఉన్న హెర్న్‌డన్‌కి అది నచ్చలేదు, దండయాత్ర ఆపడానికి అధ్యక్షుడు సరిహద్దు దాటొచ్చని వాదించాడు. జనవరి 29 నాటి ఉత్తరం ఫిబ్రవరి 14 రాత్రికి అందితే, మర్నాడే లింకన్ జవాబు రాశాడు: పొరుగు దేశం మీదికి ఎప్పుడు వెళ్ళాలో అధ్యక్షుడి ఇష్టానికే వదిలేస్తే, కోరినప్పుడల్లా యుద్ధం చేయనిచ్చినట్టే కదా అని. గట్టిగానే రాశాడు, కానీ చిన్నవాడివి ఊరుకో అనలేదు. 1861లో అధ్యక్షుడిగా వెళ్తూ ఆఫీసు బోర్డు అలాగే ఉండనీ, బతికుంటే తిరిగొచ్చి మళ్ళీ కలిసి పనిచేద్దాం అన్నాడని హెర్న్‌డనే తర్వాత చెప్పాడు.

మా నాన్న, బాబాయి తెనాలిలో ఎరువుల కొట్టు కూడా చెరి సగమే. ఒక ఎన్నికలప్పుడు చెరో పార్టీకి తిరిగారు, అంతే, కొట్టు బోర్డు ఒక్క రోజులో దిగిపోయింది. నేనూ నాన్న పక్షమే. బాబాయి కూతురి పెళ్ళికి సెలవు దొరికి కూడా వెళ్ళలేదు. ఆ పంతం నాదే, నాన్న మీదికి నెట్టలేను.

పిల్లలతో రాజకీయాలు కూడా మాట్లాడండి అని ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళకి నేనే చెబుతుంటాను. క్లాసులో టీచరుతో ధైర్యంగా వాదించమని మా అమ్మాయికీ చెబుతాను, ఇంట్లో అదే గొంతు వినిపిస్తే మాత్రం "పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది" అంటాను. గౌరవం నేర్పుతున్నాననే అనుకున్నాను. నేర్పింది అలగడమేనేమో, తెలియదు.

మనింట్లో అలాంటి ఉత్తరాలున్నాయా అని అడిగింది. ఒకటుంది. కొట్టు మూసిన ఏడాదికి బాబాయి రాసిన ఇన్‌లాండ్ లెటర్, నాన్న పోయాక ఆయన కాగితాల్లో దొరికితే తెచ్చుకున్నాను. నాన్న జవాబు రాయలేదు, నేనూ రాయలేదు. తీసి తన చేతికిచ్చాను. తెలుగు చదవడం రాదు తనకి, స్విమ్మింగ్ కోసం ఆదివారం తెలుగు క్లాసు మాన్పించింది నేనే. చదివి వినిపించమంది.

"పూజ్యులైన అన్నయ్యకి నమస్కరించి వ్రాయునది" దాకా చదివాను. ఆపైన గొంతు పెగల్లేదు, మిగతాది రేపు అన్నాను. ఇవాళ పొద్దున బస్సెక్కే ముందు మళ్ళీ అడిగింది.