కాలువ కట్ట మీద సైకిల్

ఊరికి పోయినప్పుడల్లా నాయిన అడిగే మొదటి మాట "మళ్ళ ఆ సైకిల్ తెచ్చినవా" అని. తెస్త. ముందు చక్రం విప్పి, వెనక సీట్లు మడిచి, పాత దుప్పటి కప్పి హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ దాకా కార్లో తెచ్చుకుంట. కారున్నోడు ఊర్ల సైకిల్ తొక్కుడు ఏందో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు, ఆయన చిన్నప్పుడు సైకిల్ లేక నడిచి బడికి పోయిండు మరి, ఉన్న కారు ఇంటి ముంగట పెట్టి ఎండల చెమటలు కారంగ తొక్కుతుంటే కడుపు మండదా.

నిజం చెప్పాలంటే మొదట్ల నేను గూడ రోడ్డు మీదనే తొక్కేటోన్ని. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు నున్నగ ఉంటది, తెల్లారుజామున ఐదింటికి ఎక్కితే ఎవరుంటరులే అనుకున్న. ఎందుకుండరు, మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు, ఆ లారీలకు పొద్దు మాపు ఏముంటది. ఒకరోజు పక్కనుంచి ఒక లారీ పోయిన గాలికే సైకిల్ పోయి కంకరల పడ్డది, లారీ తగల్లేదు, ఉత్త గాలే. మోచెయ్యి గీసుకపోయింది. దెబ్బ పెద్దది కాదు గనీ లేచి నిలబడ్డంక కాళ్ళు వణికినయ్ చూడు, ఆరోజుతోని రోడ్డు బంద్. తర్వాతి వారం వేములపల్లి బ్రిడ్జి కాడ రోడ్డు దిగి నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట ఎక్కిన, ఇగ ఇప్పటిదాక దిగలే.

ఈ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరున్నది గనీ మా దిక్కు ఆ పేరుతోని పిలిచేటోన్ని నేనైతే చూడలే, మెయిన్ కాలువ అంటరు, లేకుంటే ఎన్నెస్పీ కాలువ, అంటే నాగార్జునసాగర్ ప్రాజెక్టు కాలువ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యాంకు పునాదిరాయి వేస్తే, కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ. అంతకుముందు ఇదంత మెట్టభూమే, జొన్నలు, ఆముదాలు, బావి ఉన్నోనికి జర వరి. ఇప్పుడు కట్ట మీద నిలబడి చూస్తే దిగువ దిక్కు కనుచూపు మేర పొలాలే, ఎగువ దిక్కు మాత్రం ఇంకా చెలకలు, గుట్టలు, రాళ్ళు. కాలువ ఒక గీత గీసినట్టు ఆ రెండిటి నడుమ పోతది, కుడిపక్కకు ఒక లోకం ఎడమపక్కకు ఒక లోకం.

సైకిలోనికి ఇందుల అసలు సంగతి ఏందంటే కట్ట ఎక్కదు, దిగదు. నీళ్ళు వాటంతట అవే పారాలె గదా, మోటర్లు లేవు, అందుకని ఇంజనీర్లు లెవెల్ పట్టుకొని గుట్ట వస్తే గుట్ట చుట్టూ, పల్లం వస్తే పల్లం అంచు మీద తిప్పుకుంట తిప్పుకుంట తవ్విన్రు. వాలు ఉంటది గనీ నీళ్ళకే తెలుస్తది, కాళ్ళకు తెల్వదు. గేరు ఒక్కటి పెట్టుకున్నవంటే గంట సేపు మార్చే పనే పడదు. కాకపోతే వంకర్లు, రోడ్డు మీద నేరుగ పది కిలోమీటర్లు ఉన్న ఊరికి కట్ట మీద పోతే పదిహేనైనా కావచ్చు, తొందర ఉన్నోడు రావద్దు. ఈ వంకర్లల్ల ఒక లాభం ఉన్నది, ఎదురుగాలి ఎంత కొట్టినా రెండు మలుపులు తిరిగేసరికి అదే వెనకనుంచి తోస్తది.

బాట అంటరా, అది మనకోసం వేసింది కాదు, డిపార్ట్‌మెంటోళ్ళ జీపులు తిరగనీకి వేసిన మొరం బాట. ఒక కట్ట మీద బాట బాగుంటది, అవతలి కట్ట సర్కారు తుమ్మలు కమ్మి మనిషి దూరనంత ఉంటది, ఏ కట్ట మంచిదనేది గూడ బ్రిడ్జి బ్రిడ్జికీ మారుతది, అది తిరిగితేనే తెలుస్తది. మొరం కొత్తగ పోసినప్పుడు సైకిల్‌కు సుఖం లేదు, చక్రం గుంజుతది. ట్రాక్టర్లు ఒక సీజన్ తొక్కినంక గట్టిపడి రెండు పక్కల రెండు గీతలు, నడుమ గడ్డి ఉంటది చూడు, అగో అది అసలైన గ్రావెల్. సన్న టైర్ల రోడ్ సైకిల్ తేవద్దు, వెన్ను విరుగుద్ది. నాది 40 ఎంఎం టైరు, గాలి 40 పీఎస్ఐ చుట్టుపక్కల పెడ్త, అంతకంటే ఎక్కువ కొడితే రాయి రాయికీ పళ్ళు కలుస్తయ్.

పల్లేరు కాయల సంగతి చెప్పకుంటే నేను చెప్పింది అంత దండగే. పసుపుపచ్చ పువ్వులు నేలకు పాకి ఎంత ముద్దుగ ఉంటదో ఆ తీగ, ఎండినంక దాని కాయ ఎట్ల పడ్డా ఒక ముల్లు మీదికే చూస్తది. నీళ్ళు తాగుదామని ఒక తూము కాడ ఆగి టైరు చూసుకుంటే పదకొండు లెక్కపెట్టిన, ఒక్క టైరుకే. తెల్వక మొదటిది పీకిన, సుయ్యిమన్నది. పీకకుంటే అదే బిరడ లెక్క ఆపుతదట, ఇంటిదాక పోనీ అని వదిలెయ్యాలంట, ఇది నాకు తర్వాత చెప్పింది మిర్యాలగూడల పంక్చర్ షాపాయన. ఆరోజు ఏడు కిలోమీటర్లు నడిచిన. నాట్లకు పోయే ఆడోళ్ళు ఆటోల నుంచి చూసి "ఏంది బిడ్డా, నువ్వు సైకిల్‌ను తీస్కపోతున్నవా, సైకిల్ నిన్ను తీస్కపోతుందా" అని ఒకటే నవ్వుడు. తర్వాత ట్యూబ్‌లెస్ చేయించి సీలెంట్ పోపిచ్చిన, ఇప్పుడు పీకితే తెల్లగ జర కారి ఆగిపోతది.

ఇంకోటి రేగడి. వాన పడ్డ తెల్లారి మెయిన్ కాలువ మొరం మీద పోవచ్చు, దాని నుంచి చీలే పిల్లకాలువలు, అదే మేజర్లు, వాటి కట్టల మీదికి మాత్రం దిగవద్దు, అవి చానా జాగల ఉత్త నల్లమట్టి. చక్రం నాలుగు చుట్లు తిరిగేలోపల మట్టి ఉండ కట్టి ఫ్రేముకూ టైరుకూ నడుమ బిగుసుకపోతది, సైకిల్ కదలదు, పుల్లతోని గీకాలె, గీకి రెండడుగులు వేస్తే మళ్ళ అదే. చెప్పులకు గూడ పట్టి మనిషి నాలుగు ఇంచులు పొడుగైతడు. పోయిన వానాకాలం వజీరాబాద్ మేజర్ మీద సైకిల్‌ను భుజాన ఏసుకొని నడిచిన, మామూలుగ పది కిలోలుండే సైకిల్ ఆరోజు పదిహేనైనా ఉంటది.

ఎప్పుడు రావాలంటే నీళ్ళు వదిలినంక, నాట్లు పడే టైంల. పొద్దున ఆరింటికి మడులల్ల ఆకాశం కనపడ్తది, కొంగలు ట్రాక్టర్ ఎనక ఎనక నడుస్తుంటయ్, కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చొని మనం దగ్గరికి పోయేదాక లేవదు. యాసంగి వరి కోతలప్పుడు వేరే లోకం, చైన్ మిషన్ల మోత, దుమ్ము, కట్ట మీద, రోడ్ల మీద ఎక్కడ జాగ దొరికితే అక్కడ వడ్లు ఆరబోస్తరు. ఆ వడ్ల మీద నుంచి తొక్కకున్రి, దిగి అంచు పట్టుకొని నడిచి పోన్రి. టైరు కింద వడ్లు నలిగితే నూక ఎక్కువైతదని వాళ్ళ బాధ, అది న్యాయమే. ఎండాకాలం నీళ్ళు బంద్ అయినంక కాలువ అడుగు బయటపడ్తది, చూడనీకి ఏమంత బాగుండదు గనీ ముంజలు దొరుకుతయ్ కాబట్టి అప్పుడు గూడ పోత.

కుక్కల గురించి అడుగుతరు అందరూ. బావుల కాడ షెడ్లల్ల ఉంటయ్, ఉరుకొస్తయ్. తొక్కి తప్పించుకుంటననుకోవద్దు, ఆగి దిగి సైకిల్ నడుమ పెట్టుకొని నడిస్తే నూటికి తొంభై సార్లు వాటికే ఇంట్రెస్ట్ పోతది.

నాకు నిజంగ భయం కుక్కలతోని కాదు, నీళ్ళతోని. కాలువకు సిమెంటు లైనింగ్ ఉన్నకాడ ఆ వాలు మీద పాకురు పట్టి ఉంటది, ఈత వచ్చినోడు గూడ కాలు పెడితే జారుతనే ఉంటడు, పట్టుకోనీకి ఏం ఉండదు, మెట్లు ఎక్కడో బ్రిడ్జి కాడ తప్ప కనపడయ్. నిండుగ పారితే 11,000 క్యూసెక్కుల కాలువ అది, పైకి చూస్తే నిద్రపోతున్నట్టే ఉంటది. అందుకే నేను ఎప్పుడూ పొలం దిక్కు గీతలనే తొక్కుత, నీళ్ళ దిక్కు గీతల తొక్క, ఫోన్ పట్టుకొని వీడియో తియ్య. అంచు మీద సెల్ఫీలు దిగే పిల్లగాండ్లను చూస్తే తిట్టబుద్ధి అయితది, ఒకటి రెండు సార్లు తిట్టిన గూడ. కట్టను గూడ నమ్మేది లేదు, 2022 సెప్టెంబర్‌ల నిడమనూరు దగ్గర గండి పడ్డది, మళ్ళ 2024 సెప్టెంబర్ వానలకు నడిగూడెం దిక్కు తెగింది. పెద్ద వాన పడ్డ వారం కట్ట ఎక్కకుంటే కొంపలేం మునగయ్.

మొన్న మా పాలమూరు దోస్తు ఒకడు జూరాల కాలువల దిక్కు రమ్మన్నడు, గద్వాల కాడ కృష్ణ చూసుకుంట తొక్కొచ్చు అంటడు. పోవాలె. మా కాలువ కంటే బాగుంటదని మాత్రం వాని ముంగట ఒప్పుకోను.

ఇగ నాయిన సంగతి. మా మూడెకరాలు మేజర్ చివర ఉన్నయ్. నీళ్ళు వంతులవారీగ వదుల్తరు, కొన్ని రోజులు ఆన్, కొన్ని రోజులు ఆఫ్, ఆన్ ఉన్నప్పుడు గూడ పైనోళ్ళు మోటర్లు పెట్టి గుంజితే చివరి మడికి వచ్చేసరికి తడి తప్ప ఏముండది. యాసంగిల ఒకరోజు తూము కాడ ఆగి లస్కరుతోని, అంటే కాలువ నీళ్ళు వదిలే డిపార్ట్‌మెంటు మనిషితోని మాట్లాడిన, పెద్దాయన, పొడుగు ఇనుప తాళంచెవి పెట్టి షట్టర్‌ను రెండు చేతులతో తిప్పుతున్నడు, ఒక్కో తిప్పుడుకు వేలెడంత లేస్తది. "ఏం సారూ, పెట్రోల్ పిరమైందా" అన్నడు నా సైకిల్ చూసి. గోడ మీద తెల్లరంగు, నల్ల అంకెలు, నీళ్ళ లోతు చూపే గేజి. రెండు అడుగుల మీద జర. ఊరికే ఫోటో తీసి నాయినకు వాట్సాప్‌ల పెట్టిన.

రెండు నిమిషాల్ల ఫోన్. "ఆడనే ఉన్నవా? లస్కరుకు ఇయ్యి." ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నరు, నేను నీళ్ళ దిక్కు చూసుకుంట నిలబడ్డ.

పోయిన శనివారం ఊరికి పోతే, సైకిల్ తెచ్చినవా అని అడగలే. చాయ తాగుతుంటే వచ్చి కూసున్నడు, "పొద్దుగాల ఎన్నింటికి పోతున్నవ్" అన్నడు. ఐదున్నరకన్న. "జర ముందుగాల పో, ఆరు దాటితే పైనోళ్ళు మోటర్లు బంద్ జేస్తరు, గేజి దొంగలెక్క చూపిస్తది. మూడు తూముల ఫోటోలు తియ్యి. అంకెలు కనపడాలె, మొన్న తీసింది మసకమసక ఉన్నది."