కెరమెరి ఘాట్‌లో అమ్మాయి ముందు, నేను వెనుక

విదేశాల్లో పిల్లలను పెంచుతున్న మాలాంటి వాళ్లు సెలవులకు ఊరికి వచ్చి చేసేది చాలావరకు బంధువుల ఇళ్ల మధ్య కారులో తిరగడమే. ఎవరు ఏమడిగినా పిల్లలు మా ముఖం చూస్తారు, మేము జవాబు చెబుతాము. జర్మనీలో పుట్టి పెరిగిన మా అమ్మాయితో డిసెంబరులో ఆసిఫాబాద్ నుండి కెరమెరి ఘాట్ మీదుగా మార్లవాయి వరకు సైకిళ్లపై వెళ్లినప్పుడు ఆ అలవాటు కొంత తప్పింది. అందులో నా గొప్పతనమేమీ లేదు. ఎత్తు మొదలవగానే నేను వెనుకబడిపోయాను.

కాజీపేటలో సైకిళ్లను రైలెక్కించి ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దించుకున్నాము. అంతకుముందే హనుమకొండలో మా అమ్మ "గంత చలిల సైకిలేంది బిడ్డా" అంటూ మనుమరాలి సంచిలో స్వెట్టరు, మంకీ క్యాపు కుక్కింది. ఆమె భయం ఉత్తది కాదు. సిర్పూర్ (యు), తిర్యాణి మండలాల్లో శీతాకాలపు ఉష్ణోగ్రత ఒక్కోసారి ఐదారు డిగ్రీలకు దిగుతుంది. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచుగా ఈ ప్రాంతంలోనే నమోదవుతాయి. మంచు దేశంలో పెరిగిన పిల్లకు ఇదొక లెక్కా అనుకునేవారికి సైకిలు చలి సంగతి తెలియదు. ఎక్కేటప్పుడు పట్టిన చెమట బట్టల్లోనే ఉండిపోయి, దిగేటప్పుడు ఎదురుగాలికి ఒంటిని కోస్తుంది. అందుకే మా నాన్న చలికాలం స్కూటరుపై పోయేటప్పుడు చొక్కా లోపల దినపత్రిక మడిచి పెట్టుకునేవారు. ఆ మాట చెబితే అమ్మాయి ఆశ్చర్యపోలేదు. టూర్ డి ఫ్రాన్స్ ఆటగాళ్లు కూడా కనుమల మీద అదే పని చేసేవారని తిరిగి నాకే చెప్పింది.

మలుపుల పైన నేను ఆయాసపడుతూ చేరేసరికి అమ్మాయి రోడ్డు పక్క చలిమంట దగ్గర ఒక గోండు పెద్దాయనతో మాట్లాడుతూ కూర్చుని ఉంది. నేను పక్కనుంటే ఊరడిగిన ప్రతివారికీ మ్యూనిక్ అని చెప్పే పిల్ల, ఆయనకు మాత్రం హనుమకొండ అని చెప్పిందట. ఆయన ఇంట్లో గోండి, మనుమల బడిలో తెలుగు, మహారాష్ట్ర వైపు చుట్టాలతో మరాఠీ. రెండు భాషల మధ్య పెరగడం మా ఇంటికే వచ్చిన ఇబ్బంది అని ఆమె అంతవరకు అనుకునేది. నిజం చెప్పాలంటే, ఆ అభిప్రాయం కలిగించింది మా ప్రవాసుల సభల్లో వినిపించే బెంగే.

మార్లవాయిలో ఆమె ఎక్కువసేపు నిలిచింది హైమెండార్ఫ్ దంపతుల సమాధుల దగ్గర. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించిన తరువాత, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం నియమించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ వియన్నాలో పుట్టినవాడు, అంటే జర్మన్ మాతృభాషగా కలవాడు. మార్లవాయిలో ఉండి, గోండు పిల్లలకు మొదటి చదువు గోండిలోనే చెప్పించే ఏర్పాటు చేశాడు. వాచకాలను దేవనాగరి లిపిలో రాయించి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారు చేయించాడు. ఇంటి భాషను బడి గౌరవించడమనే ఈ విషయంపై అమ్మాయి అడిగిన ప్రశ్నల్లో సగానికి నా దగ్గర సమాధానం లేకపోతే, అక్కడి వాళ్లను తానే అడిగింది.

మ్యూనిక్‌కు తిరిగి వచ్చాక ఆమె ఒక షరతు పెట్టింది: నానమ్మతో ఫోన్ మాట్లాడేటప్పుడు నేను పక్కన కూర్చోరాదు. ఇప్పుడు ఆదివారాలు ఆ సమయానికి నేను వంటగదిలో ఉంటున్నాను.