అమ్మ రామకోటి పెన్నుకి టేకు పొర

అమ్మ రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక రామకోటి రాస్తుంది. ఈ ఎండలకి వేళ్ళు చెమటపట్టి పెన్ను జారిపోతోందని రెండు మూడుసార్లు అంది. పట్టుకునే చోట కర్ర ఉంటే జారదు కదా అనిపించింది.

మాది రాజమండ్రి, రత్నం పెన్నుల ఊరు. అక్కడ ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్ మీద తిప్పి, చెక్కి పెన్ను చేస్తారు. నాకు లేత్ లేదు. అందుకని బాల్‌పెన్ కిట్‌లో వచ్చే ఇత్తడి గొట్టానికి టేకు వెనీర్, అంటే కాగితంలా పలచటి కర్ర పొర, చుడదామనుకున్నాను. ప్లైవుడ్ షాపతను శాంపిల్ ముక్కలు ఊరికే ఇచ్చాడు. అర మిల్లీమీటరు మందం.

గొట్టం వ్యాసం 7 మిల్లీమీటర్లు కాబట్టి చుట్టుకొలత 22 అని లెక్కేసి కోశాను. చుట్టి చూస్తే అంచులు కలవలేదు, మధ్యలో ఇత్తడి గీతలా మెరుస్తోంది. పొరకీ మందం ఉంటుంది మరి. వంచితే లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. కొలత పొర మధ్యకి తీసుకోవాలి. అంటే 7.5ని 3.14తో గుణిస్తే 23.6. ఇప్పుడు 25కి కోసి, అంచులు ఒకదానికొకటి ఆనేదాకా శాండ్‌పేపర్ మీద కొంచెం కొంచెం రుద్దుతున్నాను.

కర్ర చారలు గొట్టం పొడవునా ఉండాలి, ఇది చాలా ముఖ్యం. అడ్డంగా పెడితే ఎంత నానబెట్టినా టక్కున విరుగుతుంది. మరిగే నీళ్ళలో కాసేపు ఉంచితే పొర తడి అరిటాకులా మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కాడకి చుట్టి, పాత సైకిల్ ట్యూబు పట్టీతో గట్టిగా బిగించి రాత్రంతా వదిలేస్తాను. విప్పగానే కొంచెం తెరుచుకుంటుంది. అందుకే సన్నటి కాడ.

మొదటిసారి వడ్రంగులు వాడే తెల్ల బంక రాశాను. తెల్లారి చూస్తే ఉల్లిపొరలా ఊడొచ్చింది. ఆ బంక ఆరాలంటే నీరు బయటికి పోవాలి, ఇత్తడేమో పీల్చదు. రోజంతా బాధపడ్డాను. తర్వాత ఇత్తడిని గరుకుగా రుద్ది, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ బంక పెట్టాను. ఇక కదల్లేదు. ఒక్క పొరతో మందం చాలలేదు, రెండోది చుట్టాను. అది కర్ర మీద కర్ర కాబట్టి తెల్ల బంకే సరిపోయింది. దీని అతుకు మొదటి అతుక్కి సరిగ్గా ఎదురు వైపు వచ్చేలా చూశాను.

నున్నగా రుద్దేటప్పుడు నడుమ కాస్త లావుగా వదిలాను, అమ్మ వేళ్ళకి పట్టు దొరకాలని. పాలిష్ వెయ్యలేదు, మైనం మాత్రం పలచగా పట్టించాను.

నిన్న మధ్యాహ్నం చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసి, అతుకు కనబడకుండా బొటనవేలి కింద పెట్టుకుంది. పేజీ నిండేదాకా ఒక్కసారి కూడా చెయ్యి కొంగుకి తుడుచుకోలేదు.