ఒక ప్రింటర్, మూడు రకాల కంప్యూటర్లు: నల్లగొండలో మా ఇంటి పని ఎంతవరకు వచ్చిందంటే

ముందు సరంజామా. ప్రింటర్ హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. వైఫై లేదు, నెట్‌వర్క్ పోర్టు లేదు, వెనకాల ఒక్క యూఎస్‌బీ సాకెట్టే. 12ఏ కాట్రిడ్జ్ పడుతుంది. ప్రకాశం బజార్ వైపు వెళ్తే రీఫిల్ చేసేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు కాబట్టి దీన్ని వదులుకునే ఉద్దేశం లేదు. కింది పోర్షన్‌లో తమ్ముడి డీటీపీ కంప్యూటర్: విండోస్ 7, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు అన్నీ దాంట్లోనే. పైన నాది ఉబుంటు, అంటే లినక్స్‌లో ఒక రకం. బీటెక్ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్ విండోస్ 11. ఇక ఫోన్లు సరేసరి.

ఇన్నాళ్లూ ప్రింటర్ తమ్ముడి మెషీన్‌కే ఉండేది. మాకు ఒక కాగితం కావాలంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు దిగడమే. పెన్‌డ్రైవ్‌తో పాటు వైరస్‌లు కూడా దిగుతూ ఎక్కుతూ ఉండేవి.

మార్చి

ఎవరైనా మొదట చెప్పేది విండోస్ షేరింగే. విండోస్ 7లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి షేర్ అని టిక్ పెడితే నా ఉబుంటుకు సాంబా (విండోస్ షేరింగ్‌తో మాట్లాడే లినక్స్ సాఫ్ట్‌వేర్) ద్వారా కనిపించింది, ప్రింటు కూడా వచ్చింది. విండోస్ 11 మాత్రం కనెక్ట్ కాలేనని మొండికేసింది. కారణం ఉంది. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడ్డాక విండోస్‌లో ప్రింటర్ షేరింగ్‌ను వరసగా బిగించుకుంటూ వచ్చారు. 2022 నాటి 22హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 షేర్డ్ ప్రింటర్‌తో మాట్లాడే దారినే మార్చేసింది. పాత దారి మళ్లీ తెరవడానికి గ్రూప్ పాలసీలో, రిజిస్ట్రీలో కిటుకులున్నాయి. నేను వాటి జోలికి పోలేదు. విండోస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరితోనే ఆగిపోయాయి. అలాంటి మెషీన్ కోసం కొత్త ల్యాప్‌టాప్ తలుపులు తీసిపెట్టడం నాకు నచ్చని పని.

అసలు చిక్కు ఇంకొకటి. ఈ పద్ధతిలో ప్రింటర్ డ్రైవర్, అంటే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండాలి. ఇరవై ఏళ్ల నాటి ప్రింటర్‌కు అన్ని సిస్టమ్‌లలో డ్రైవర్ ఎక్కడ వెతుకుతాం? డ్రైవర్ ఒక్కచోట ఉండాలి, మిగతావన్నీ దానితో ఒకే భాషలో మాట్లాడాలి. ఆ భాష పేరు ఐపీపీ, ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్. విండోస్‌కు వచ్చు, లినక్స్‌కు వచ్చు, 2010లో వచ్చిన ఆపిల్ ఎయిర్‌ప్రింట్ కూడా దాని మీదే నిలబడింది.

ఏప్రిల్

అటక మీద స్క్రీన్ పగిలిన ల్యాప్‌టాప్ ఉంది. డెబియన్ 12 (ఇదీ లినక్సే) వేసి, ప్రింటర్ పక్కనే స్టూలు మీద పెట్టాను. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొనమని ఒకరిద్దరు అన్నారు కానీ ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంది. మా దగ్గర ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే కదా. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించవద్దు. లోపలి హీటర్ ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోదు.

మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది. ఈటీసీ, సిస్టమ్‌డీ ఫోల్డర్లలో ఉండే లాగిన్‌డీ కాన్ఫ్ ఫైల్‌లో హ్యాండిల్ లిడ్ స్విచ్ అనే లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి, ఇగ్నోర్ అని రాసి రీస్టార్ట్ చేస్తే సరి.

ప్రింట్ సర్వర్‌గా, అంటే అందరి ప్రింట్లనూ అందుకుని ప్రింటర్‌కు పంపే సాఫ్ట్‌వేర్‌గా, కప్స్. ఇది 1999 నుంచి ఉంది, 2002లో ఆపిల్ కూడా తన మ్యాక్‌లోకి తీసుకుంది. బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసు, కోలన్, 631 అని కొడితే దాని పేజీ తెరుచుకుంటుంది. బయటి కంప్యూటర్ నుంచి ఆ పేజీ రావాలంటే ముందు ల్యాప్‌టాప్‌లోనే రిమోట్ అడ్మిన్ ఆన్ చేయాలి, మన యూజర్‌ను ప్రింటర్ల మీద అధికారం ఉండే ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులో చేర్చాలి. షేరింగ్‌కు రెండు చోట్ల టిక్ ఉంటుంది: సర్వర్‌కు ఒకటి, ప్రింటర్‌కు ఒకటి. ఒకటే పెడితే ఎవరికీ కనిపించదు. ప్రింటర్ పేరులో ఖాళీలు లేకుండా చూసుకోండి. నాది ఉత్త ‘లేజర్’.

1020లో ఓ విచిత్రం ఉంది. ఆఫ్ చేయగానే తన బుద్ధంతా మర్చిపోతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను లోపల నడిపించే ప్రోగ్రాం) పంపాలి. విండోస్ డ్రైవర్ చడీచప్పుడు లేకుండా ఆ పని చేసేస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్ల కోసం ఉండే హెచ్‌ప్లిప్ ప్యాకేజీ వేసి, దానికి తోడు హెచ్‌పీ-ప్లగిన్ అనే కమాండుతో ప్లగిన్ విడిగా తెచ్చుకోవాలి. హెచ్‌ప్లిప్ వెర్షన్, ప్లగిన్ వెర్షన్ ఒకటే కావాలి. సిస్టమ్ అప్‌గ్రేడ్‌లో హెచ్‌ప్లిప్ మారితే ప్లగిన్ మళ్లీ దించుకోవాల్సిందే. మామూలుగా నడిచే ప్రింటర్ అప్‌గ్రేడ్ మర్నాడు మూగబోతే నేను మొదట చూసేది ఇదే.

కరెంటు పోయి వచ్చాక రెండు సమస్యలు మిగిలాయి. రూటర్ రీస్టార్ట్ అయి ల్యాప్‌టాప్‌కు కొత్త ఐపీ ఇచ్చేది. రూటర్ పేజీలో ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రసుకు (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యకు) 192.168.1.50 కట్టిపడేశాను. రెండోది ఇంకా చికాకు. ప్రింటు మధ్యలో కరెంటు పోతే కప్స్ ఆ క్యూను ఆపేసి, ఎవరో వచ్చి రెజ్యూమ్ నొక్కేదాకా అలాగే కూర్చుంటుంది. కింది నుంచి తమ్ముడు, “అన్నా, పేపరు వస్తలేదు, జర చూడరాదే” అని కేక. ప్రింటర్ అడ్మినిస్ట్రేషన్ మెనూలో ఎర్రర్ పాలసీ అని ఉంటుంది. ‘స్టాప్ ప్రింటర్’ తీసి ‘రీట్రై జాబ్’ పెట్టాక ఆ కేకలు తగ్గాయి.

మే

విండోస్ 11 తేలిగ్గానే లొంగింది. ప్రింటర్ జోడించే చోట చేత్తో జోడిస్తానని చెప్పి, షేర్డ్ ప్రింటర్ పేరు అడిగే గడిలో హెచ్‌టీటీపీతో మొదలయ్యే అడ్రసు ఇచ్చాను: ఐపీ, కోలన్ 631, స్లాష్ ప్రింటర్స్, స్లాష్ లేజర్. ప్రింటర్స్ అన్న మాట బహువచనంలోనే ఉండాలి. డ్రైవర్ అడిగితే మైక్రోసాఫ్ట్ వరసలో ఐపీపీ క్లాస్ డ్రైవర్. అంతే.

విండోస్ 7లో ఆ డ్రైవర్ లేదు. అడ్రసు అదే, డ్రైవర్ దగ్గర మాత్రం జెనరిక్ కింద ఎంఎస్ పబ్లిషర్ ఇమేజ్‌సెట్టర్ ఎంచుకోవాలి. అలాంటి ప్రింటర్ మన ఇంట్లో ఎక్కడిది అని కంగారు పడొద్దు. అది మామూలు పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్. పోస్ట్‌స్క్రిప్ట్ అంటే పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కు చెప్పే ఒక భాష. పోస్ట్‌స్క్రిప్ట్ ఏది వచ్చినా కప్స్ అందుకుని 1020కి అర్థమయ్యేలా మార్చిపెడుతుంది.

నోట్‌ప్యాడ్ నుంచి బ్రహ్మాండంగా వచ్చింది. పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రిక పంపితే, పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు అని ఉండాల్సిన వరసలో ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు దిగాయి. తమ్ముడు కాగితం తిప్పి తిప్పి చూసి, “గిదేం భాషనే? పెండ్లి పిల్ల తండ్రి చూస్తే నన్ను తంతడు” అన్నాడు.

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) కావు. తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ కీల స్థానాల్లో కూర్చోబెట్టారు. ఫాంటు వెంట రాకపోతే ఆ స్థానాల్లో ఉండే అసలు గుర్తులే అచ్చవుతాయి. డ్రైవర్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో ట్రూటైప్ ఫాంట్ దగ్గర, డివైస్ ఫాంట్‌తో మార్చమని ఉన్నదాన్ని సాఫ్ట్‌ఫాంట్‌గా డౌన్‌లోడ్ చేయమని, అంటే ఫాంటును ప్రింటు వెంట పంపమని, మార్చాలి. పేజ్‌మేకర్ సొంత ప్రింట్ డబ్బాలోనూ ఫాంట్లు పంపాలా అని విడిగా అడుగుతుంది, అక్కడా ఔననాలి. తర్వాత వచ్చిన కాగితంలో అవిఘ్నమస్తులో ‘ఘ’ కింద ‘న’ ఒత్తు, శ్రీ తల మీద గుడి దీర్ఘం చెక్కుచెదరకుండా పడ్డాయి. యూనికోడ్ తెలుగుకు ఈ బాధ లేదు. ఉబుంటు నుంచి పీడీఎఫ్ రూపంలో, ఫాంటు లోపలే పెట్టుకుని వెళ్తుంది.

ఆ వెంటనే విండోస్ 7కు రూటర్‌లోనే ఇంటర్నెట్ కట్ చేశాను. ఇంటి నెట్‌వర్క్‌లో ప్రింటుకు అడ్డేమీ లేదు.

కాగితం సైజు ఒకసారి అన్ని చోట్లా సరిచూసుకోవాలి. ఎక్కడో ఒకచోట అమెరికా లెటర్ సైజు దాక్కుని ఉంటుంది. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, లెటర్ 279. ఆ తేడాలో పత్రిక అడుగున ఉండే ‘బంధుమిత్రుల అభినందనలతో’ ఎగిరిపోతుంది.

ఇప్పుడు

ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ వేయకుండానే ప్రింటర్ కనిపిస్తోంది, ల్యాప్‌టాప్‌లో అవాహీ (ప్రింటర్ ఉందని నెట్‌వర్క్‌లో చాటే ప్రోగ్రాం) నడుస్తున్నంత కాలం. ఎవరి ఫోన్‌కైనా కనిపించకపోతే అది గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి.

ఈ ఏర్పాటు ఎంతకాలం నడుస్తుందని అడిగితే, చాలా కాలమే అంటాను. మూడో పార్టీ ప్రింటర్ డ్రైవర్లకు క్రమంగా స్వస్తి చెబుతామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. కప్స్ 3లో కూడా పాత తరహా డ్రైవర్లు ఉండవు, వాటి బదులు ప్రింటర్ అప్లికేషన్లు అంటున్నారు. అటు ఇటు రెండూ చేరేది ఐపీపీ దగ్గరికే. మారాల్సి వస్తే స్టూలు మీది ల్యాప్‌టాప్ ఒక్కటే మారుతుంది, మిగతా మెషీన్లను ముట్టుకోనక్కర్లేదు.

లీగల్ సైజు ఇంకా కుదరలేదు. డాక్యుమెంట్ రైటర్ల పని వచ్చినప్పుడు తమ్ముడికి అది కావాలి. ఉబుంటు నుంచి సరిగ్గా వస్తోంది, పేజ్‌మేకర్ నుంచి పంపితే కింది భాగం కత్తిరించుకుపోతోంది. ప్రస్తుతానికి లీగల్ పనులు పీడీఎఫ్ చేసి పైకి పంపిస్తున్నాడు. ముహూర్తాల రద్దీ తగ్గాక డ్రైవర్ పేపర్ సైజుల పట్టిక ముందేసుకుని కూర్చోవాలి.