కీమో తర్వాతి మాత్ర: మోతాదు తగ్గించారంటే మందు పనిచేయనట్టు కాదు

నాది మూడో దశ అండాశయ క్యాన్సర్. ఆపరేషన్, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో అయ్యాక స్కాన్‌లో ఏమీ కనబడలేదు. కానీ ఈ జబ్బు చాలామందిలో తిరగబెడుతుంది. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉన్నట్టు తేలడంతో నాకు ఓలాపరిబ్ రాశారు. కీమో ఆఖరి డోసు అయిన 8 వారాల్లోపే దీన్ని మొదలుపెడతారు.

పూటకు రెండేసి 150 మి.గ్రా. మాత్రలు, ఉదయం, రాత్రి. వాటిని నలపకూడదు, నమలకూడదు. ఒక పూట మరిచిపోతే దాన్ని వదిలేయాలి, తర్వాతి పూట కలిపి వేసుకోకూడదు. తొలి నెలల్లో వికారం ఎక్కువ. నాకైతే తిన్నాక వేసుకుంటే నయంగా ఉండేది.

అసలు కనిపెట్టుకుని ఉండాల్సింది రక్తాన్ని. దెబ్బతిన్న డీఎన్‌ఏను కణం బాగుచేసుకునే ఒక దారిని ఈ మందు మూసేస్తుంది. బీఆర్‌సీఏ లోపమున్న క్యాన్సర్ కణానికి రెండో దారి లేదు, అందుకే చస్తుంది. అయితే ఎముక మజ్జలో వేగంగా పుట్టే కణాలకూ ఆ దెబ్బ కొంత తగులుతుంది. అందుకే తొలి ఏడాదంతా నెలనెలా రక్తపరీక్ష తప్పదు. హిమోగ్లోబిన్ 8 కంటే దిగితే మందు ఆపి, కోలుకున్నాక పూటకు 250కి, అవసరమైతే 200కి తగ్గిస్తారు. నాకూ తగ్గించారు, మందు పనిచేయక కాదు, రక్తం తగ్గినందుకే. ఇది ఇనుము తక్కువై వచ్చే రక్తహీనత కాదు, బీట్‌రూట్ రసంతో తీరదు. తగ్గించిన మోతాదుకు 100 మి.గ్రా. మాత్రలు కావాలి, కాబట్టి డబ్బా మీద అంకె చూసి తీసుకోండి.

తామరకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఇట్రాకొనజోల్‌తో చాలా జాగ్రత్త. అది ఒంట్లో ఓలాపరిబ్‌ను పెంచేస్తుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, గ్రేప్‌ఫ్రూట్ పండు కూడా అంతే. అదే జాతిదని పంపర పనస కూడా నేను మానేశాను. టీబీకిచ్చే రిఫాంపిసిన్ అయితే దీన్ని పనిచేయనివ్వదు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఈ మాత్ర పేరు ముందే చెప్పాలి.

ఓలాపరిబ్ బదులు అదే రకం మందైన నిరాపరిబ్ రాస్తే రోజుకొకసారే. 77 కిలోలలోపు బరువుంటే, లేదా ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపుంటే, 200 మి.గ్రా.తో మొదలు. ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా పడిపోవచ్చు కాబట్టి మొదటి నెల వారం వారం రక్తపరీక్ష, బీపీ అయితే మొదటి రెండు నెలలూ వారం వారం చూడాలి.

ఇంత ఓపిక పట్టడం ఎందుకంటే, 2018లో తొలి ఫలితాలొచ్చిన సోలో-1 ట్రయల్‌లో నాలాంటివాళ్లకు రెండేళ్లు ఓలాపరిబ్ ఇచ్చారు. ఏడేళ్లకు ఆ మందు వాడినవాళ్లలో 67 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 46.5 శాతం బతికున్నట్టు లెక్కతేలింది. జబ్బు కనబడకపోతే రెండేళ్లకు మందు ఆపేస్తారు. మధ్యలో ఎప్పుడైనా మందు ఆపిన నాలుగు వారాలకూ రక్తకణాలు కోలుకోకపోతే మజ్జ పరీక్ష గురించి అడగండి. అరుదే అయినా, ఈ మందుతో రక్తక్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.